బుడగల గాలి పరుపు: దానితో పనిచేసే కేర్‌టేకర్ అభిప్రాయం

గాలి పరుపును కొనేది కొడుకో కూతురో, దాని మీద పడుకునేది మంచం పట్టిన పెద్దవారు, దానితో రాత్రింబవళ్లు పనిచేసేది మాత్రం నాలాంటి కేర్‌టేకర్. ఈ వస్తువు మీద నాకు కనిపించిన అభిప్రాయాలన్నీ కొన్నవారు రాసినవే. పెట్టె రెండు రోజుల్లో వచ్చిందని, ధర అందుబాటులో ఉందని, పంపు బాగా తిరుగుతోందని రాసి ఐదు నక్షత్రాలు ఇచ్చారు. పరుపు పరిచిన మూడో వారంలో ఏమైందో రాసినవారు నాకు కనిపించలేదు. నేను 2013 నుంచి విశాఖపట్నంలో ఇళ్లకు వెళ్లి, పక్షవాతం వచ్చినవారిని, తుంటి ఎముక విరిగి మంచానికి పరిమితమైనవారిని చూసుకునే పని చేస్తున్నాను. మధ్యలో 2016లో, పల్లె యువతకు పని నేర్పే కేంద్ర ప్రభుత్వ పథకం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కింద జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు, అంటే నర్సులకు సహాయకులుగా రోగులను చూసుకునే కోర్సు కూడా చేశాను. ఇన్నేళ్లలో నేను పరిచినవి, విప్పి కడిగినవి, అతుకులు వేసినవి కలిపి పదిహేను పరుపుల దాకా ఉంటాయి. వాటిలో నా డబ్బుతో కొన్నది ఒక్కటీ లేదు కాబట్టి డబ్బు వృథా అయిందన్న బాధ గాని, బేరం కుదిరిందన్న సంతోషం గాని నాకు లేవు. కంపెనీల పేర్లు రాయడం లేదు, ఎందుకంటే నేను చూసినంతలో బుడగల రకం పరుపులన్నీ ఇంచుమించు ఒకే తీరులో ఉన్నాయి. పంపు మీద అంటించిన కాగితం మాత్రమే మారుతోంది.

ముందుగా వస్తువు ఏమిటో చెప్పాలి. షాపుల్లో దీన్ని ఎయిర్ బెడ్ అంటారు. కొన్ని ఇళ్లలో వాటర్ బెడ్ అని కూడా అంటారు గాని నీళ్ల పరుపు వేరు, ఇది వేరు. లేత గోధుమ రంగు ప్లాస్టిక్ పట్టా మీద సుమారు నూట ముప్పై బుడగలు వరుసలు తీరి ఉంటాయి. ఒక వరుస ఒక గొట్టానికి, దాని పక్క వరుస రెండో గొట్టానికి కలిసి ఉంటాయి. మంచం కాళ్ల వైపు తగిలించిన చిన్న పంపు ఒక గొట్టంలోకి గాలి పంపుతున్నప్పుడు రెండో గొట్టంలో గాలి తగ్గుతుంది. పది పన్నెండు నిమిషాలకొకసారి ఈ వంతు మారుతుంది. కదలలేని మనిషి బరువంతా గంటల తరబడి ఒకే ఎముక మీద పడితే, ఆ ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చర్మానికీ కండకూ రక్తం అందక పుండు పడుతుంది. ఆ బరువును ఒకచోట నిలవనీయకుండా బుడగల మీదుగా అటూ ఇటూ మార్చడమే ఈ పరుపు చేసే పని. నేను పనిచేసిన ఇళ్లవారు చాలామంది కె.జి.హెచ్. (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్‌లోని సర్జికల్ షాపుల్లోనే కొన్నారు, కొందరు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారు. నేను చూసిన బిల్లులు 2,200 నుంచి 3,500 రూపాయల మధ్య ఉన్నాయి.

పరచడంలోనే సగం మంది పొరపాటు పడతారు. ఇది పరుపు మీద వేసే పరుపే గాని విడిగా వేసుకునే పరుపు కాదు. దూది పరుపో ఫోము పరుపో కింద ఉండాలి, దాని మీద ఇది, దీని మీద పలుచని నూలు దుప్పటి ఒక్కటే ఉండాలి. ఒక ఇంట్లో బుడగలు కిందికి, నున్నటి వైపు పైకి పెట్టి పరిచారు. అలా అయితే మెత్తగా ఉంటుందనుకున్నారట. ఇంకో ఇంట్లో బుడగల మీద రబ్బరు షీటు, దాని మీద నాలుగు మడతల బొంత, దాని మీద దుప్పటి, ఆపైన డైపరు ఉండేవి. అన్ని పొరల కింద బుడగ ఉబ్బినా తగ్గినా పైన పడుకున్నవారికి తెలిసే అవకాశం లేదు. పంపును నేల మీద పెడితే తుడిచే నీళ్లు తగులుతాయి, గొట్టాలు కాలికి అడ్డం పడతాయి. దానికున్న కొక్కేలతో మంచానికే తగిలించాలి. తల వైపు, కాళ్ల వైపు ఉండే ప్లాస్టిక్ రెక్కలను కింది పరుపు అడుగుకు మడవకపోతే, మనిషిని జరిపిన ప్రతిసారీ పట్టా కూడా జరిగి ముడతలు పడుతుంది.

గాలి ఎంత పెట్టాలన్నది పంపు మీది మీట తిప్పి నిర్ణయించాలి. గట్టిగా ఉంటే మంచిదనుకుని చివరిదాకా తిప్పేవారే ఎక్కువ, కాని తేలికైన మనిషికి గట్టి బుడగ కూడా గుచ్చుకుంటుంది. కోర్సులో నాకు నేర్పిన పరీక్ష చాలా సులువైనది. రోగి పడుకుని ఉండగా, అరచేయి పైకి పెట్టి, గాలి పరుపుకూ కింది పరుపుకూ మధ్య నుంచి చేతిని నడుము కింది ఎముక ఉండే చోటి వరకు పోనివ్వాలి. ఆ ఎముక మన చేతికి గట్టిగా తగిలితే గాలి చాలలేదన్నమాట. వేళ్లకూ ఎముకకూ మధ్య ఒక అంగుళం మందాన గాలి ఉన్నట్టు తెలిస్తే సరిపోయినట్టు. ఈ సంగతి పెట్టెలోని కాగితంలో ఎక్కడో ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని చదివేది పెట్టె విప్పిన అబ్బాయి, ఆ పరీక్ష ప్రతిరోజూ చేయవలసినది నేను. ఇన్ని పరుపుల్లో ఒక్కదానికి కూడా తెలుగు కాగితం రాలేదు, మన రెండు రాష్ట్రాల్లో ఇన్ని అమ్ముడుపోతున్నా.

పరుపు వల్ల మేలు జరగదని నేను అనడం లేదు. 2017లో ఒక ఇంట్లో పక్షవాతం వచ్చిన తాతగారిని ఎనిమిది నెలలు చూసుకున్నాను. మనిషి బక్కపలుచన, వీపు మీద ఎముకలు లెక్కపెట్టవచ్చు, తనంతట తాను మెడ తప్ప ఏమీ కదపలేరు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పటికే నడుము కింద ఎముక మీద రూపాయి బిళ్లంత మేర ఎర్రబడి ఉంది. వేలితో నొక్కి వదిలితే ఎరుపు పోయి తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా భయం లేదనీ, నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదటి దశలో ఉన్నట్టనీ మాకు చెబుతారు. ఆయనది నొక్కినా అలాగే ఉంది. ఆ సాయంత్రమే వాళ్లబ్బాయి గాలి పరుపు తెచ్చారు, రెండు వారాల్లో ఆ ఎరుపు తగ్గింది, ఎనిమిది నెలల్లో మరోచోట రాలేదు. ఆ ఇంట్లో పగలు నేను, రాత్రి ఇంకో అమ్మాయి ఉండేవాళ్లం, కోడలుగారు పప్పు, గుడ్డు, పాలు వేళకు పెట్టేవారు. కాబట్టి ఆ ఫలితంలో పరుపు వాటా ఎంత అని అడిగితే మూడో వంతు అంటాను. అది తక్కువేమీ కాదు.

నా ఫిర్యాదు పరుపు మీద కన్నా, దాన్ని అమ్మేటప్పుడు చెప్పే మాట మీద ఎక్కువ. ‘ఇది వేస్తే ఇంక పుండ్లు పడవండీ, మాటిమాటికీ తిప్పనక్కరలేదు’ అని కౌంటర్ దగ్గర చెప్పగా నా చెవులతో విన్నాను. ఇది నిజం కాదు. గాలి పరుపు ఉన్నా మనిషిని ఒత్తిగిలించవలసిందే. ఎన్ని గంటలకు అన్నది మనిషిని బట్టి, చర్మాన్ని బట్టి డాక్టరుగారో నర్సుగారో చెబుతారు. మాకు అలవాటైన లెక్క రెండు గంటలు. మంచి పరుపు, బలమైన చర్మం ఉంటే ఆ వ్యవధి కొంత పెరగవచ్చునేమో గాని పని పూర్తిగా పోదు.

ఒత్తిగిలించడం అంటే భుజం పట్టుకుని పక్కకు నెట్టడం కాదు, అందులో ఎంత పని ఉంటుందో చూడనివారికి తెలియదు. రోగి నడుము కింద అడ్డంగా వేసిన దుప్పటి అంచులు పట్టుకుని ముందు మనిషిని నా వైపుకు జరుపుకోవాలి. పడిపోయిన చేతిని పట్టుకుని లాగితే భుజం కీలు జారుతుంది కాబట్టి ఆ చేతిని ఛాతీ మీద పెట్టి, మోకాలు మడిచి, భుజం వెనకా తుంటి వెనకా చేతులు పెట్టి ఒక్కసారిగా తిప్పాలి. పూర్తిగా పక్కకు తిప్పి తుంటి ఎముక మీద నిలబెట్టకుండా, వీపు వెనక దిండు పెట్టి కొద్దిగా వాలినట్టు ఉంచాలి. మోకాళ్ల మధ్య ఒక దిండు ఉండాలి. పిక్కల కింద ఇంకో దిండు పెట్టి మడమలు గాలిలో తేలేలా చూడాలి, ఎందుకంటే మడమ లాంటి సన్నని ఎముకను ఈ బుడగలు మోయలేవు. రెండు బుడగల మధ్య సందులోకి మడమ దిగిపోతుంది. చెవి మడత పడిందేమో, మూత్రం గొట్టం కాలి కింద నలిగిందేమో, సంచి మంచం కన్నా కిందికి ఉందో లేదో చూడాలి. దుప్పటి ముడతలు సరిచేయాలి. ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇచ్చేవారయితే తల వైపు ఎత్తి కూర్చోబెట్టినట్టు ఉంచి ఇవ్వాలి, ఇచ్చాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. అప్పుడు బరువంతా నడుము కింది ఎముక మీదకు జారి చర్మం రాపిడి పడుతుంది కాబట్టి, ఆహారం వేళలకూ తిప్పే వేళలకూ సరిపోయేలా రోజంతా ఒక పట్టిక వేసుకోవాలి. నేను ఈ పట్టికను కాగితం మీద రాసి గోడకు అంటిస్తాను. నడుము, తుంటి, మడమ, భుజం రెక్క, చెవి చూశానని ప్రతిసారీ గీత పెడతాను. మొత్తం పనికి ఒక్కోసారి పావుగంట, తడిపి ఉంటే అరగంట పడుతుంది.

ఈ పనిని పరుపు చేస్తుందని నమ్మిన ఇంట్లో మొదట పోయేది రాత్రి డ్యూటీ మనిషి. 2019లో నేను చేరిన ఇల్లు అలాంటిదే. మామ్మగారికి ఎడమ వైపు పడిపోయింది. డిశ్చార్జి రోజునే గాలి పరుపు వచ్చింది, అప్పటిదాకా అనుకున్న ఇద్దరు మనుషులకు బదులు ‘ఇరవై నాలుగు గంటల డ్యూటీ’ పేరుతో నన్నొక్కదాన్నే ఉంచమని ఏజెన్సీకి చెప్పారు. ఏజెన్సీ వారు నెలకు 22,000 రూపాయలు తీసుకుని నాకు 15,000 ఇచ్చేవారు. ఆ లెక్క మాట్లాడటానికి ఇది చోటు కాదు. బాబుగారు మంచివారే. మొదటి రాత్రి ‘పరుపు కొన్నాం కదమ్మా, ఇంక రాత్రి నువ్వూ కాసేపు పడుకో’ అన్నారు, నా మీద దయతోనే అన్నారు. పగలంతా స్నానం, ఆహారం, డైపర్లు, ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చినప్పుడు పట్టుకోవడం, ఇవన్నీ అయ్యాక రాత్రి పదకొండుకు, ఒంటి గంటకు, మూడుకు, అయిదుకు లేవడం ఒకటి రెండు రాత్రులు ఎవరైనా చేస్తారు. నేను అయిదు రాత్రులు చేశాను. ఆరో రాత్రి నుంచి మూడు గంటల అలారం నాకు వినిపించలేదు. వినిపించినా ఆపేసి పడుకున్నానేమో చెప్పలేను. పంపు మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా తిరుగుతూనే ఉంది.

తొమ్మిదో రోజు పొద్దున ఎడమ మడమ మీద నేరేడు పండు రంగులో మచ్చ కనిపించింది. ఆ కాలికి స్పర్శ లేదు కాబట్టి మామ్మగారికి నొప్పి తెలియలేదు. మరో రెండు రోజులకు బొబ్బ లేచి పగిలింది. డ్రెస్సింగ్ కట్టడానికి నర్సుగారు రోజు విడిచి రోజు వచ్చేవారు, మానడానికి ఆరు వారాలు పట్టింది. ఆ డ్రెస్సింగులకైన ఖర్చుతో రెండు నెలలు రాత్రి మనిషిని పెట్టుకోవచ్చునని బాబుగారే తరవాత లెక్క వేసి చెప్పారు. పిక్కల కింద దిండు తప్పిపోయినప్పుడు చూడకపోవడం నా తప్పే, దాన్ని నేను ఎవరి మీదకూ నెట్టను. కాని నిద్ర లేని మనిషి చేసే తప్పులకు పరుపు కాపలా కాస్తుందనుకోవడం మాత్రం ఆ ఇంటివారి తప్పు, అలా అనుకునేలా మాట్లాడటం అమ్మినవారి తప్పు. ఏజెన్సీ నన్ను తీసేసి ఇంకో అమ్మాయిని పంపింది. ఆమెకూ అదే ఇరవై నాలుగు గంటల డ్యూటీ.

ఆ పుండుతో పాటు నాకు గుర్తుకొచ్చేది 2014. అక్టోబరు 12 ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నేను ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో తుంటి విరిగిన మరో మామ్మగారి దగ్గర ఉన్నాను. కరెంటు పోయిన కొన్ని గంటలకే బుడగలన్నీ చదునైపోయాయి. అప్పటికి నాకు ఈ పని కొత్త; పంపు ఆగగానే గొట్టాలు ఊడదీసి మడిచి కట్టేస్తే గాలి ఇంకొంతసేపు నిలుస్తుందని తెలియదు. ఆ భవనానికి అయిదు రోజులు కరెంటు రాలేదు. పుండు పడుతుందన్న భయంతో మామ్మగారి కూతురు, అల్లుడు, పదో తరగతి చదివే మనవడు, నేను వంతులు వేసుకుని టార్చి వెలుతురులో రెండేసి గంటలకు తిప్పాం. నాకు తిప్పడం సరిగా నేర్పింది కూడా ఆ రోజుల్లో ఆ కూతురుగారే. ఆమె స్కూలు టీచరు, డాక్టరుగారు చెప్పినదంతా నోటు పుస్తకంలో రాసుకున్నారు. అయిదు రోజులకు చర్మం మీద గీత కూడా పడలేదు. అయిదు రోజుల ముచ్చట చెప్పి పరుపు అనవసరమని వాదించడం సరికాదని నాకు తెలుసు. ఆ మామ్మగారికి రెండు చేతులూ బాగా ఆడేవి, ఒళ్లు కాస్త నిండుగా ఉండేది. అయినా, గాలి లేని పరుపు మీద రాని పుండు, గాలి నిండిన పరుపు మీద వచ్చిందన్న సంగతిని మాత్రం నేను మరచిపోలేను.

కరెంటు మాట వచ్చింది కాబట్టి, ఇంట్లో ఇన్వర్టరు ఉంటే పంపు ప్లగ్గును ఆ లైనుకే ఇవ్వమని అడుగుతాను. పంపు వాడుకునే కరెంటు జీరో బల్బు పాటి ఉంటుంది, బ్యాటరీకి భారం కాదు. చాలా ఇళ్లలో టీవీకి ఇన్వర్టరు లైను ఉంటుంది, పెద్దవారి మంచం దగ్గర ప్లగ్గుకు ఉండదు.

ఎండాకాలంలో ఈ పరుపు మీద అసలైన ఇబ్బంది చెమట. విశాఖలో ఏప్రిల్ నుంచే ఉక్క పోస్తుంది, ప్లాస్టిక్‌కు గాలి ఆడదు, పలుచని దుప్పటి గంటలో తడిసిపోతుంది. తడిసిన చర్మం మెత్తబడి తొందరగా చిట్లుతుంది కాబట్టి, ఒత్తిడి తగ్గించడానికి తెచ్చిన వస్తువు తడి ద్వారా అదే హాని చేసే అవకాశం ఉంది. ఆ నెలల్లో రోజుకు నాలుగు దుప్పట్లు మార్చిన ఇళ్లు ఉన్నాయి. ఉతికేది ఎవరన్న గొడవ అక్కడే మొదలవుతుంది. రోగి బట్టలు నేను ఉతుకుతాను, ఇంటివారివి కాదని చేరేటప్పుడే చెప్పుకోవడం మంచిది. పౌడరు దట్టంగా చల్లితే చెమటతో కలిసి ముద్దకట్టి ఒరుసుకుంటుంది, అది వద్దు. పట్టాను సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, తడి లేకుండా నీడలో ఆరబెట్టాలి. మేడ మీద ఎండలో వేస్తే ప్లాస్టిక్ గట్టిపడి అతుకుల దగ్గర విడిపోతుంది. ఒకటి అలాగే పాడైంది, వేసింది నేనే.

బుడగలకు చిల్లు పడటం మామూలే. కొన్నవారు నాణ్యత లేదని తిడతారు గాని, నేను చూసిన చిల్లుల్లో ఎక్కువ భాగం మా వల్ల వచ్చినవే: చీర పిన్నీసు, విరిగిన గాజు ముక్క, గోళ్లు తీస్తూ మంచం మీద వదిలేసిన కత్తెర. నేను డ్యూటీలో గాజులు, పిన్నీసులు మానేసి చాలా ఏళ్లయింది, దానికి మా అత్తగారు ఇప్పటికీ ఊరుకోరు. చాలా పెట్టెల్లో చిన్న ప్లాస్టిక్ ముక్కలు, జిగురు ఇస్తారు. చిల్లు ఎక్కడుందో సబ్బు నురగ రాసి చూస్తే బుసబుసమని తెలుస్తుంది. ఒకటి రెండు చిల్లులు అతికించవచ్చు. అంతకు మించితే పట్టా మార్చడం మేలు, పట్టా ఒక్కటే విడిగా కూడా దొరుకుతుంది. పంపు శబ్దం గురించి నాకేమీ ఫిర్యాదు లేదు. సన్నగా గుర్రుమంటుంది, రెండు రోజుల్లో అలవాటవుతుంది. ఆ శబ్దం ఆగిపోతేనే నాకు మెలకువ వస్తుంది.

కొనేవారికి తట్టని సంగతి మంచం ఎత్తు. మన ఇళ్లలో దివాను మంచాలు మోకాలి ఎత్తుకు ఉంటాయి. దాని మీద పడుకున్న అరవై కిలోల మనిషిని రోజుకు పన్నెండుసార్లు వంగి తిప్పితే ఏడాది తిరిగేసరికి కేర్‌టేకరు నడుము పట్టేస్తుంది. నాది 2018లో పట్టేసి, రెండు నెలలు పనికి వెళ్లలేదు. ఆ రెండు నెలలు నాకు జీతం ఇచ్చినవారు లేరు. మంచం నా నడుము ఎత్తుకు వస్తే అదే పని సగం బలంతో అవుతుంది. ఆసుపత్రి మంచం అద్దెకు దొరుకుతుంది, అది కుదరకపోతే మంచం కోళ్ల కింద గట్టి చెక్క దిమ్మలు వేయించవచ్చు. కాని పక్కకు పడకుండా కమ్మీలు ఉండాలి, ఎందుకంటే గాలి పరుపు అంచు మీద కూర్చోబెట్టిన మనిషి జారిపోవడం చాలా సులువు. లేపి కూర్చోబెట్టే వేళకు గాలి తగ్గించడమో, అంచు వైపు గట్టి పరుపు ఉండేలా చూడటమో చేయాలి. పరుపుకు మూడు వేలు పెట్టినవారు దిమ్మలకు మూడు వందలు పెట్టడానికి ఆలోచించడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బుడగలకు బదులు అడ్డంగా పొడవాటి గొట్టాలు ఉండే రకం కూడా ఉంది. ధర రెండు మూడు రెట్ల నుంచి ఇంకా పైకి ఉంటుంది. నేను దాని మీద ముగ్గురిని మాత్రమే చూసుకున్నాను కాబట్టి ఎక్కువ చెప్పను. గొట్టాలు లోతుగా ఉంటాయి, బరువైనవారికి బాగా ఆగుతుంది, చెడిన గొట్టాన్ని ఒక్కదాన్నే తీసి మార్చవచ్చు, కొన్నింటికి గాలిని ఒక్కసారిగా వదిలే మూత ఉంటుంది. ఆ మూత ఎందుకంటే, గుండె ఆగినప్పుడు మెత్తని పరుపు మీద ఛాతీ నొక్కితే మనిషి కిందికి దిగిపోతాడే గాని నొక్కు లోపలికి అందదు. బుడగల రకంలో ఆ మూత ఉండదు, గొట్టాలే లాగేయాలి. ఈ సంగతి ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచుతాను. ఎనభై కిలోలు దాటినవారికి, అప్పటికే పుండు లోతుగా పడినవారికి బుడగల రకం చాలదని నా అభిప్రాయం. అలాంటివారికి డాక్టరుగారిని అడగకుండా ఏదీ కొనకూడదు.

ఇదే షాపుల్లో గాలి నింపే రబ్బరు చక్రం కూడా అమ్ముతారు, పుండు ఉన్న చోటు మధ్య ఖాళీలోకి వచ్చేలా కూర్చోబెట్టాలంటారు. అది కొనవద్దు. చక్రం అంచు చుట్టూ నొక్కి, మధ్యలోకి వచ్చే రక్తాన్ని కూడా ఆపుతుంది. ఎర్రబడిన చోట నూనె వేసి గట్టిగా మర్దన చేయడం కూడా అలాంటిదే. ప్రేమతోనే చేస్తారు, లోపల కండ ఇంకా నలుగుతుంది.

నా లెక్కలో ఈ పరుపుకు అయిదుకు మూడు నక్షత్రాలు. ధరకు తగిన పని చేస్తుంది, పంపు ఏళ్ల తరబడి నిలుస్తుంది. నేను చూసినవాటిలో ఒకటి ఇద్దరు మనుషుల తరవాత మూడో ఇంటికి చేరి కూడా తిరుగుతోంది. ఒక నక్షత్రం తగ్గించింది ఎండాకాలపు తడికీ, తెలుగు కాగితం లేకపోవడానికీ. రెండోది, అమ్మేటప్పుడు చెప్పే ఆ మాటకు. పంపుకు సాధారణంగా ఏడాది వారంటీ ఇస్తారు, పట్టాకు ఇవ్వరు. బిల్లు మీద తేదీ, షాపు ముద్ర ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవాలి.

ఇప్పుడు కొత్త ఇంటికి వెళ్లినప్పుడు, గాలి పరుపు ఉందని ఫోనులో చెబితే నేను అడిగే మొదటి ప్రశ్న రాత్రి ఎవరు చూస్తారని. ఇంటివారిలో ఒకరు ఒంటి గంటకూ మూడుకూ లేస్తామంటే పగలూ తెల్లవారుజామూ నేను చూసుకుంటానంటాను, లేదా రెండో మనిషిని పెట్టమంటాను. ఇద్దరు ముగ్గురు ‘పరుపు ఉంది కదా’ అని ఫోను పెట్టేశారు. ప్రస్తుతం చేస్తున్న ఇంట్లో రాత్రి ఒంటి గంట వంతు కొడుకుగారిది, మూడు గంటల వంతు కోడలుగారిది. గోడ మీది కాగితంలో ఆ రెండు గళ్లలో గీతలు కొంచెం వంకరగా ఉంటాయి గాని, ఈ నాలుగు నెలల్లో ఖాళీగా ఉన్న గడి ఒక్కటే, అది కూడా వాళ్ల పాపకు జ్వరం వచ్చిన రాత్రి.